పెద్దయ్యాక ‘అవతార్’ మొదలుపెట్టేవాళ్లు రెండో ఎపిసోడ్ దగ్గర ఆగిపోవద్దు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకూ తెలుస్తుంది. మీ వయసు 39. మీ 8 ఏళ్ల పాప ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ చూస్తుంటే పక్కన కూర్చుని రెండు ఎపిసోడ్లు చూశారు. ఏదో లాగింది, కానీ మరీ చిన్నపిల్లల గోలలా కూడా అనిపించింది. ఎక్కడి నుంచి సీరియస్ అవుతుంది, ఏవి వదిలేయొచ్చు, పాపతో కలిసి చూడొచ్చా అని అడిగారు. ఈ వయసులో బొమ్మల సీరియల్ ఏంటని మీవారు నవ్వుతున్నారని కూడా రాశారు.

నేను దీన్ని ముప్పై దాటాకే మొదటిసారి చూశాను. ఆ తర్వాత చాలాసార్లు చూశాను, ఇంట్లో పిల్లలతో, ఆఫీసు స్నేహితులతో, ఒక్కణ్నే కూర్చుని కూడా. కనిపించినవాళ్లందరికీ చూడమని అంటగట్టాను. వాళ్లలో చాలామంది మీరు ఆగిన చోటే ఆగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

‘ఎక్కడి నుంచి సీరియస్ అవుతుంది’ అనే ప్రశ్నతోనే నాకు పేచీ. దీని అభిమానులు మీకు మొదట చెప్పే మాట ‘అది పిల్లల షో కాదండీ, పైకి అలా కనిపిస్తుందంతే’ అని. నేనైతే ఒప్పుకోను. అది నూటికి నూరుపాళ్లూ పిల్లల షోనే. నికెలోడియన్ అనే పిల్లల చానెల్ కోసం, పిల్లల కోసమే తీశారు. పెద్దవాళ్లను అది ఇంతగా పట్టుకోవడానికి కారణం కూడా అదేనని నా నమ్మకం. రక్తం కనిపించకూడదు, చావును నేరుగా చూపకూడదు, తిట్లు ఉండకూడదు, 23 నిమిషాల్లో ఒక ఎపిసోడ్ కథ ఒక కొలిక్కి రావాలి, చిన్నపిల్లకు కూడా అర్థం కావాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య వాళ్లు చెప్పాలనుకున్నది ఏమిటంటే యుద్ధం, ఒక జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోవడం, కన్న కొడుకు ముఖం కాల్చిన తండ్రి. నేరుగా చూపే దారి లేదు కాబట్టి ముఖాల మీదా, మౌనం మీదా, వదిలేసిన మాటల మీదా ఆధారపడ్డారు. పెద్దల కోసం తీసే సిరీస్‌లలో ఈ నేర్పు నాకు చాలా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లకు అన్నీ చూపించే స్వేచ్ఛ ఉంది. మన ఇళ్లలో చందమామ పిల్లల పత్రికే కదా, వచ్చిన రోజు ముందు లాక్కుని చదివింది మాత్రం తాతయ్యలు.

ముందుగా కొలతలు చెప్తాను, టైమ్ లెక్క వేసుకోవచ్చు. అమెరికాలో 2005 ఫిబ్రవరిలో మొదలై 2008 జులైలో ముగిసింది. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్జ్‌కో అనే ఇద్దరి సృష్టి. మూడు సీజన్లు, మొత్తం 61 ఎపిసోడ్లు. సీజన్‌ను వాళ్లు ‘బుక్’ అంటారు: మొదటిది నీరు, రెండోది భూమి, మూడోది అగ్ని. అంతా కలిపితే దాదాపు 23 గంటలు. టీఆర్పీ ఉన్నన్నాళ్లూ సాగే మన సీరియల్‌కు అలవాటు పడినవాళ్లకు ఇది పెద్ద ఊరట. కథకు ముగింపు ఉంది, ఆ ముగింపు వైపే నడుస్తుంది.

కథ మీకు కొంత తెలుసు. నాలుగు జాతులు, ఒక్కో జాతిలో కొందరికి నీటినో, మట్టినో, నిప్పునో, గాలినో కదిలించే విద్య. దాన్నే బెండింగ్ అంటారు. నాలుగూ చేయగలిగేది ఒక్క అవతార్ మాత్రమే. అతను చనిపోతే వరసలో తర్వాతి జాతిలో మళ్లీ పుడతాడు. అగ్ని రాజ్యం 100 ఏళ్లుగా లోకం మీద యుద్ధం చేస్తోంది, ఆ 100 ఏళ్లూ అవతార్ జాడ లేదు. దక్షిణ ధ్రువంలో కటారా, సొక్కా అనే అక్కాతమ్ముళ్లలా కొట్టుకునే అన్నాచెల్లెళ్లకు మంచుగడ్డలో ఒక 12 ఏళ్ల గుండు పిల్లాడు దొరుకుతాడు. వాడే ఆంగ్. వాడిని పట్టుకోవడానికి ముఖం మీద కాలిన మచ్చ ఉన్న అగ్ని రాజ్యపు రాకుమారుడు జూకో వెంటపడతాడు, పక్కన టీ తాగుతూ వాళ్ల పెదనాన్న ఐరో. మీరు చూసిన రెండు ఎపిసోడ్లలో ఉన్నది ఇంతే. పెంగ్విన్ల మీద జారడం, సొక్కా జోకులు, జూకో అరుపులు. నిజంగానే పిల్లల గోల.

మూడో ఎపిసోడ్ చూడండి. మూడోదే కాబట్టి కొంచెం చెప్పేస్తున్నా. ఆంగ్ తన పాత ఇంటికి, దక్షిణ వాయు మఠానికి వెళ్తాడు. 100 ఏళ్లు గడిచాయని చెప్పినా వాడి మనసుకు ఎక్కలేదు, వాడి లెక్కలో నిన్నో మొన్నో వదిలి వచ్చిన ఇల్లు. అక్కడ తన గురువు గ్యాట్సో అస్థిపంజరం కనిపిస్తుంది. పాప చూసేది అంత వరకే: గురువుగారు చనిపోయారు, ఆంగ్‌కు ఏడుపూ కోపమూ వచ్చాయి. మీరు ఒక్క క్షణం ఆ గది చుట్టూ చూడండి. ఆయన చుట్టూ అగ్ని రాజ్యపు సైనికుల అస్థిపంజరాలు పడి ఉంటాయి. ఒకటీ రెండూ కాదు. ఆ గదిలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పరు. జీవహింస చేయని, మాంసం ముట్టని సన్యాసుల మఠంలో, పిల్లలకు పళ్ల కేకులు చేసిపెట్టే ఆ ముసలాయన చివరి గంటలో ఏం చేశాడో మనమే ఊహించుకోవాలి. పిల్లలను భయపెట్టకుండా పెద్దవాళ్లకు చెప్పాల్సింది చెప్పేసే పద్ధతి అంటే నా దృష్టిలో ఇదీ.

ఇక 12వ ఎపిసోడ్ ‘ద స్టార్మ్’. ఎవరికి చెప్పినా నేను ‘12 వరకు చూడు, నచ్చకపోతే వదిలెయ్’ అంటాను. ఆ 12 కలిపితే రెండు తెలుగు సినిమాల నిడివి కూడా ఉండదు. అందులో తుఫానులో చిక్కుకున్న ఇద్దరి గతం పక్కపక్కనే నడుస్తుంది. ఒక గుహలో ఆంగ్ తను ఎందుకు పారిపోయాడో కటారాకు చెప్తుంటాడు. ఓడలో ఐరో నావికులకు జూకో మచ్చ కథ చెప్తుంటాడు. 13 ఏళ్ల జూకో యుద్ధ మంత్రాంగం జరిగే గదిలో నోరు విప్పుతాడు, కొత్తగా చేరిన సైనికులను ఎరగా వేసే పథకం తప్పని అంటాడు. దానికి శిక్షగా అగ్ని ద్వంద్వయుద్ధం. ఎదురుగా సేనాపతి వస్తాడనుకుంటే తండ్రి వస్తాడు. పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తాడు. తండ్రి చెయ్యి ఎత్తుతాడు. అక్కడి నుంచి కెమెరా జనం మీదకు వెళ్లిపోతుంది. ఐరో ముఖం తిప్పేసుకుంటాడు. పక్కనున్న ఒక అధికారి నవ్వుతాడు. జూకో చెల్లెలు అజూలా కూడా నవ్వుతుంది. ఒక అరుపు వినిపిస్తుంది, అంతే.

ఆ చెల్లెలి నవ్వు ఆ క్షణంలో ఎవరూ పట్టించుకోరు, ఆ అమ్మాయి ఎవరో కూడా మనకు అప్పటికి తెలియదు. రెండో సీజన్‌లో తెలుస్తుంది. మూడో సీజన్ చివరకొచ్చేసరికి ఆ పిల్ల మీదా జాలి పుట్టిస్తారు. ఈ కథ దేన్నీ మర్చిపోదు. ఒక ఊళ్లో మనవాళ్లు చేసిన అల్లరి ఇంకెప్పుడో ఎదురొస్తుంది, కూరగాయల బండి కోల్పోయినవాడు కూడా మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. (ఆ క్యాబేజీల ఆసామి కోసమైనా చూడొచ్చు.)

ఇప్పుడు పెద్దవాళ్లే గమనించగల ఇంకో సంగతి, పోరాటాలు. మనకు కుంగ్‌ఫూ అంటే అన్నీ ఒకేలా ఉంటాయి, గాల్లో కాళ్లు విసరడమే. ఇక్కడ ఒక్కో విద్యకూ ఒక్కో నిజమైన చైనా యుద్ధకళ ఆధారం. సిఫు కిసు అనే గురువును పెట్టుకుని కదలికలు రూపొందించారు. నీటికి తాయ్‌చీ, మట్టికి హుంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావొలిన్, గాలికి బాగువా. బాగువాలో గుండ్రంగా నడుస్తారు, ఎదురు నిలబడకుండా పక్కకు జరుగుతారు. ఆంగ్ జీవితంలో కూడా అదే చేస్తాడు. కష్టం వస్తే తప్పుకుంటాడు, నవ్వేస్తాడు, వేరే దారి వెతుకుతాడు. అవతార్ అని తెలియగానే పారిపోయింది కూడా అలాగే. అలాంటివాడు మట్టి విద్య నేర్చుకోవాలంటే కాళ్లు పాతి నిలబడాలి, దొర్లుకుంటూ వచ్చే బండకు ఎదురు నిలవాలి. వాడి వల్ల కాదు. రెండో సీజన్ 9వ ఎపిసోడ్ ‘బిట్టర్ వర్క్’ మొత్తం ఈ గొడవే. నేర్పేది టాఫ్, పుట్టుకతో చూపు లేని 12 ఏళ్ల పిల్ల. నేల కంపనాన్ని పాదాలతో పసిగడుతుంది. ఆ పిల్ల కదలికలు మిగతా మట్టి విద్యవాళ్లకంటే వేరుగా ఉంటాయి, ఆమెకోసం వేరే దక్షిణ చైనా శైలి తీసుకున్నారు. ఈ పాత్రను మొదట కండలు తిరిగిన అబ్బాయిగా అనుకున్నారట. అమ్మాయిగా మార్చడం ఈ సిరీస్‌కు జరిగిన గొప్ప మేలు.

అదే ఎపిసోడ్‌లో ఇంకో చోట ఐరో జూకోకు పిడుగును ఒంట్లోంచి మళ్లించే విద్య నేర్పుతాడు. అది ఆయన సొంతంగా కనిపెట్టింది, శత్రువులైన నీటి జాతివాళ్లను గమనించి. జ్ఞానాన్ని ఒక్క చోటు నుంచే తీసుకుంటే అది బిగుసుకుపోతుందని ఆయన అంటాడు. ఒక దేశం మిగతా మూడింటినీ మింగేయాలని చూస్తున్న కథలో, ఆ దేశపు మాజీ సేనాపతి నోట వచ్చే మాట అది. పాప పిడుగులు చూస్తుంది. మీరు ముసలాయన్ని చూస్తారు.

ఐరో గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్లందరూ చివరికి ఆయన దగ్గరే ఆగుతారు. మొదటి సీజన్‌లో టీ, నిద్ర, భోజనం తప్ప ఏదీ పట్టని పెద్దాయన. తర్వాత తెలుస్తుంది, బా సింగ్ సే అనే మహానగరాన్ని 600 రోజులు ముట్టడించిన సేనాపతి ఆయనేనని, కొడుకు ఆ యుద్ధంలో పోయాక వెనుదిరిగాడని. ఆయన కథ ఎక్కడా ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పరు. ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. రెండో సీజన్ 15వ ఎపిసోడ్ ‘టేల్స్ ఆఫ్ బా సింగ్ సే’ చిన్న చిన్న కథల కూర్పు, అందులో ఐరోది కొద్ది నిమిషాలే. నగరంలో తిరుగుతూ ఏడుస్తున్న పసివాడికి పాట పాడతాడు, దోచుకోవడానికి వచ్చినవాడికి నిలబడడం నేర్పి టీ పోస్తాడు. చివర ఒక కొండ మీద చెట్టు కింద... అది మీరే చూడండి. ఐరోకు గొంతు ఇచ్చిన మాకో అనే జపనీస్ అమెరికన్ నటుడు 2006 జులైలో చనిపోయారు. ఆ భాగాన్ని ఆయనకే అంకితం చేశారు. మూడో సీజన్‌లో గ్రెగ్ బాల్డ్విన్ అనే నటుడు ఆ గొంతును అందుకున్నారు. అందుకే ఎవరు అడిగినా ఇంగ్లీషులోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడమంటాను. ఇంగ్లీషు తేలికే, పిల్లలకు అర్థమయ్యేదే.

బా సింగ్ సే పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. రెండో సీజన్ రెండో సగంలో ఎక్కువ భాగం ఆ నగరంలోనే. బయట యుద్ధం జరుగుతుంటే గోడల లోపల ‘బా సింగ్ సేలో యుద్ధం లేదు’ అని చిరునవ్వుతో చెప్పే మనుషులు, ఆ మాట కాదన్నవాళ్లను రాత్రికి రాత్రే మాయం చేసే రహస్య పోలీసులు, ఏదీ తెలియకుండా ఎలుగుబంటితో ఆడుకునే రాజు. మూడో సీజన్ రెండో ఎపిసోడ్‌లో ఆంగ్ మారువేషంలో అగ్ని రాజ్యపు బడికి వెళ్తాడు. అక్కడి పాఠంలో వాయు జాతి ‘సైన్యాన్ని’ ఓడించిన వీరగాథ ఉంటుంది. వాళ్లకు సైన్యమే లేదని తరగతి మొత్తం మీద తెలిసింది వాడొక్కడికే. నవ్వించే ఎపిసోడే, చివర పిల్లలంతా రహస్యంగా డాన్సు పార్టీ చేసుకుంటారు. నాకు మాత్రం ఆ పాఠమే గుర్తుండిపోయింది. బడిలో పుస్తకం ఎవరు రాస్తే చరిత్ర వాళ్లదే అని పిల్లలకు 23 నిమిషాల్లో, ఉపన్యాసం లేకుండా చెప్పేశారు.

మనవాళ్లకు ఇందులో కొన్ని చాలా దగ్గరగా తగులుతాయి. పునర్జన్మ మనకు కొత్త కాదు. ఆంగ్ చిన్నప్పుడు వేల బొమ్మల్లోంచి సరిగ్గా పాత అవతార్ల బొమ్మలు నాలుగు ఎంచుకున్నాడని, దాన్ని బట్టే గుర్తుపట్టామని సన్యాసులు చెప్తారు. అది టిబెట్‌లో దలైలామాను గుర్తించే పద్ధతిని పోలినది. పంచభూతాలకు అలవాటు పడిన మనకు నాలుగే ఉండడం, ఆకాశం లేకపోవడం కాస్త వెలితిగా ఉంటుంది. రెండో సీజన్ చివర్లో గురు పాతిక్ అనే ముసలి యోగి ఆంగ్‌కు ఏడు చక్రాలు తెరవడం నేర్పుతాడు. మూలాధారాన్ని భయం మూస్తుంది, తర్వాతిదాన్ని అపరాధ భావం, ఆ పైదాన్ని సిగ్గు, ఇలా పైకి వెళ్తూ చివరికి సహస్రారం దగ్గర మోహాన్ని వదలమంటాడు. అంటే కటారాను. మన యోగశాస్త్రంతో అక్షరం అక్షరం సరిపోతుందా అంటే సరిపోదు, పిల్లల కోసం సులువు చేసుకున్నారు. ఉల్లిపాయ, అరటిపండు కలిపి జ్యూస్ తాగే ఆ గురువు యాస మనకు కొంచెం వెటకారంగా కూడా తోచవచ్చు. అయినా ఒక 12 ఏళ్ల పిల్లాడిని కూర్చోబెట్టి ‘నీ దుఃఖాన్ని కనపడనివ్వు’ అని చెప్పే సన్నివేశం పిల్లల టీవీలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, వెంటనే చూస్తాను.

ముగింపు తెలియకూడదనుకుంటే ఈ ఒక్క పేరా వదిలేయండి. అగ్ని రాజును, అంటే జూకో తండ్రిని, చంపక తప్పదని అందరూ అంటారు. ఆంగ్ చంపనంటాడు, వాడి పెంపకం అది. నలుగురు పూర్వ అవతార్లను అడుగుతాడు. ఒకరు నిర్ణయంలో తడబడొద్దంటారు, ఒకరు న్యాయం చేస్తేనే శాంతి అంటారు. చివరి ఆశగా తన జాతి స్త్రీ, సన్యాసిని యాంగ్‌చెన్‌ను అడిగితే ఆమె కూడా అదే చెప్తుంది: లోకం కోసం నీ సొంత ఆధ్యాత్మిక అవసరాలను పక్కన పెట్టాలి అని. యుద్ధభూమిలో అర్జునుడికి దొరికిన జవాబు వింటూ పెరిగిన మనకు ఆ మాట వెంటనే తెలిసిపోతుంది. కానీ ఈ పిల్లాడు ఆ జవాబును ఒప్పుకోడు. వాడికి వేరే దారి ఒకటి చివరి నిమిషంలో దొరుకుతుంది. అది నాకు పూర్తిగా నచ్చలేదు. అంతకుముందు ఎక్కడా గట్టి పునాది వేయని ఒక శక్తి, ఒక పెద్ద జీవి దగ్గర నుంచి ఊడిపడుతుంది. పైగా మూసుకుపోయిన చక్రం వీపుకు రాయి తగిలి తెరుచుకోవడం మరీ సులువు. ఆ ప్రశ్నను అంత ధైర్యంగా అడిగినవాళ్లు జవాబు దగ్గర కాస్త జారారు. మా ఇంట్లో దీని మీద పిల్లలతో ఇప్పటికీ వాదన నడుస్తుంది, వాళ్లు ఆంగ్ వైపే.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఆంగ్, కటారాల ప్రేమ కథ నాకు ఎప్పుడూ అతుకులాగే ఉంటుంది. ఒకచోట ఆ అమ్మాయి ‘నాకు అయోమయంగా ఉంది’ అంటున్నా వాడు ముద్దు పెట్టుకుంటాడు. ఆమె కోప్పడుతుంది, అది న్యాయమే, కానీ దాని మీద మాట్లాడుకోవడం అంటూ జరగదు. మొదటి సీజన్‌లో కొన్ని నీతికథలు మరీ పలచన. వదిలేయమని చెప్పాల్సి వస్తే ఒక్కటే చెప్తాను: మొదటి సీజన్ 11వది, ‘ద గ్రేట్ డివైడ్’. తర్వాత సిరీస్‌వాళ్లే దాని మీద జోకు వేసుకున్నారు. మూడో సీజన్‌లో మన పిల్లలు తమ మీదే వేసిన నాటకం చూస్తారు, ‘ద ఎంబర్ ఐలండ్ ప్లేయర్స్’. అందులో ఆ చోటు వచ్చేసరికి ‘ఎగిరి వెళ్లిపోదాం’ అని దాటేస్తారు. టాఫ్ వేషం కట్టింది కండలు తిరిగిన మొగాడు. పాత ఆలోచన తెలిసినవాళ్లకు అది రెండింతలు నవ్వు.

మిగతావేవీ వదలొద్దు. ముఖ్యంగా కథ ముందుకు కదలనట్టు కనిపించేవి. రెండో సీజన్ 7వది ‘జూకో అలోన్’లో ఆంగ్ బృందం అసలు కనిపించదు. రాకుమారుడు ఆకలితో ఒక పల్లెకు చేరి ఒక చిన్నపిల్లాడి ఇంట్లో ఉంటాడు. మంచి పని చేస్తాడు. చివర తన పేరు చెప్పుకుంటాడు. అప్పుడు ఆ పల్లె అతన్ని ఎలా చూస్తుందో, అది చాలు. ఇక్కడ మంచివాడిగా మారిపోతాడని మనం అనుకుంటాం. కానీ కథ అంత తొందరగా కరుణించదు. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో జూకో చేసే ఎంపిక చూశాక మీకు కోపం రావాలి. చెడు దారి అందంగా కనిపించినప్పుడు, ఎంత ప్రేమించే పెద్దాయన పక్కన ఉన్నా, 16 ఏళ్లవాడు దేన్ని ఎంచుకుంటాడు? మనకు తెలిసిన ఇళ్లల్లో ఏం జరుగుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. తర్వాత అతను ఐరో ముందుకు వచ్చి నిలబడే సన్నివేశానికి అంత బరువు వచ్చింది ఈ ఎంపిక వల్లే. మా తరంవాళ్లు, ముఖ్యంగా తండ్రి మెప్పు కోసం సగం జీవితం ఖర్చుపెట్టినవాళ్లు, అక్కడ కొంచెం కష్టపడతారు.

ఎలా చూడాలంటే, రోజుకు ఒకటి, మహా అయితే రెండు. వారాంతంలో కూర్చుని ఏకబిగిన పది చూస్తే సొక్కా జోకులు విసుగొస్తాయి, ఒకే తరహా ముఖకవళికలు కంటికి కొడతాయి. టీవీలో వారానికొకటిగా వచ్చినది, ఆ నిడివికే కొలిచి చేసినది. ఫోన్ పక్కన పెట్టండి. బొమ్మలు గీసింది దక్షిణ కొరియా స్టూడియోల కళాకారులు, వెనక కొండలూ ఊళ్లూ చూస్తేనే సగం కథ తెలుస్తుంది. సంగీతం జెరెమీ జుకర్‌మన్, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి.

వెతికేటప్పుడు పేరు పూర్తిగా కొట్టండి. ఉత్త ‘అవతార్’ అంటే నీలం రంగు మనుషుల సినిమా వస్తుంది. ఆ సినిమా వల్లే 2010లో మనోజ్ నైట్ శ్యామలన్ ఈ కథను మనుషులతో తీసినప్పుడు పేరులోంచి ‘అవతార్’ తీసేయాల్సి వచ్చింది. శ్యామలన్ మన మాహేలో పుట్టినవాడే, అందులో జూకోగా దేవ్ పటేల్ ఉన్నాడు, అయినా సరే ఆ జోలికి పోవద్దు. ఒక సీజన్ మొత్తాన్ని ఒక సినిమాలో కుక్కారు, ఆంగ్ పేరును ‘ఓంగ్’ అని పలికారు, నవ్వు అనేది లేదు. 2024లో నెట్‌ఫ్లిక్స్ మనుషులతో తీసిన సిరీస్ దానికంటే చాలా నయం. కానీ 20 ఎపిసోడ్ల కథను 8కి కుదించారు, ఇంతసేపూ నేను చెప్పిన మౌనాలన్నీ అక్కడ మాటలైపోయాయి. బొమ్మల సిరీస్ పూర్తయ్యాకే చూడండి. తర్వాతి కథ ‘ద లెజెండ్ ఆఫ్ కోరా’, 2012 నుంచి 2014 వరకు 52 ఎపిసోడ్లు. 70 ఏళ్ల తర్వాత జరుగుతుంది, కార్లూ రేడియోలూ వస్తాయి, నాయిక 17 ఏళ్ల మొండిఘటం. రెండో సీజన్ తేలిపోతుంది, మూడోది అద్భుతం. జూకో అమ్మ ఏమైందో తెలుసుకోవాలనిపిస్తే (అనిపిస్తుంది) దానికి ‘ద సెర్చ్’ అనే కామిక్ ఉంది, సిరీస్ అయ్యాక చదవండి.

మీవారి విషయం. 2008కి గాను దీనికి అమెరికాలో టీవీ, రేడియోలకు ఇచ్చే పీబాడీ అవార్డు వచ్చిందని చెప్పొచ్చు, 2020 మేలో అమెరికా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు లాక్‌డౌన్‌లో పెద్దవాళ్లంతా దాని మీదే పడ్డారని చెప్పొచ్చు. అవార్డులు చెప్తే మనిషి ఇంకా బిగుసుకుంటాడని నా అనుభవం. ఏమీ చెప్పకండి. ‘ద బ్లూ స్పిరిట్’, అంటే మొదటి సీజన్ 13వది, భోజనాల టైముకు హాల్లో పెట్టండి. ముసుగు మనిషి ఒకడు అర్ధరాత్రి కోటలోకి దూరి ఆంగ్‌ను విడిపిస్తాడు. కథ తెలియకపోయినా చూడొచ్చు. ముసుగు తీసేసరికి ఆయన కంచం ముందు నుంచి లేవకపోతే, మీ పని అయినట్టే.

పాపతో నిశ్చింతగా చూడొచ్చు. మూడుచోట్ల మాత్రం పక్కన ఉండండి. మొదటి సీజన్ చివర్లో ముఖాలు దొంగిలించే కోహ్ అనే జెర్రిలాంటి భూతం వస్తుంది, చిన్నపిల్లలు రాత్రి తలుచుకుంటారు. మూడో సీజన్ 8వది ‘ద పప్పెట్‌మాస్టర్’లో ఒక ముసలమ్మ మనుషుల ఒంట్లోని రక్తాన్ని పట్టి బొమ్మల్లా ఆడిస్తుంది, అది పగలు చూడండి. రెండో సీజన్ 16వది ‘ఆప్పాస్ లాస్ట్ డేస్’ భయపెట్టదు, ఏడిపిస్తుంది. ఆంగ్ సవారీ చేసే ఎగిరే ఎద్దు ఆప్పా తప్పిపోయి పడే కష్టాలన్నీ దాని వైపు నుంచే చూపిస్తారు, మాటలు చాలా తక్కువ. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే ఆ రోజు పాప దాన్ని వదలదు. మధ్యలో ఆపమన్నా ఆపకండి, ఆ ఎపిసోడ్ చివరి వరకు చూస్తేనే కాస్త నిద్రపడుతుంది, మరుసటి రోజు తర్వాతిది తప్పకుండా పెట్టండి.